పైనుంచి వచ్చిన జవాబు

ఆ లిఫ్టు మెకానిక్‌ని కంపెనీలో అందరూ భయం మేస్త్రీ అనేవారు. వేసిన తాళాన్ని మళ్ళీ లాగి చూసేవాడు. ఆపిన స్విచ్చిని మళ్ళీ తడిమేవాడు. ఇంట్లోనూ అదే తంతు. నిద్రలో లేచి, గ్యాసు కట్టేశానా లేదా అని వంటింట్లోకి పరుగెత్తేవాడు. విసిగిపోయిన భార్య అతన్ని ధ్యానం క్లాసులో చేర్పించింది.

"మీ మనసు కుదుటపడితే నా కంటిమీద కునుకు పడుతుంది," అంది.

కుదుటపడింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

గురువు చెప్పినది సులువే. ఊపిరిని గమనించు. శబ్దం వస్తే రానివ్వు, పోతే పోనివ్వు, పట్టుకోకు. మేస్త్రీ గుండెల్లో ఏళ్ళ తరబడి బిగుసుకున్న ముడి మెల్లగా సడలింది. ఎక్కడ కాస్త ఖాళీ దొరికినా కళ్ళు మూసుకోవడం అలవాటైంది.

ఆ రోజు భవనం పైకప్పు మీది మెషిన్ రూమ్‌లోనూ అలాగే మూసుకున్నాడు.

అట్టడుగున, లిఫ్టు గొయ్యిలో, అతని బావమరిది కప్పీ శుభ్రం చేయడానికి సిద్ధంగా ఉన్నాడు. అతనిదీ అదే కంపెనీ. అన్నీ హడావుడిగా చేస్తాడని తొందరయ్య అని పేరు. గొయ్యిలోని స్విచ్చి చెడిపోయి చాలాకాలమైంది కాబట్టి, కరెంటు పైనే ఆపాలి. అందుకో కట్టుబాటు ఉంది. కిందివాడు వాకీటాకీలో "ఆపావా?" అని అడగాలి. పైవాడు స్విచ్చి ఆపి, దానిమీద చెయ్యి ఉంచి, "ఆపాను" అని మాట మొత్తం పలకాలి. అప్పుడుగానీ కిందివాడు కప్పీని ముట్టుకోకూడదు.

మేస్త్రీకి తర్వాత గుర్తున్నది కొంచెమే. గదిలోని రొద దూరంగా జరిగిపోయింది. ఒళ్ళు దూదిలా తేలిపోయింది. బుద్ధెరిగాక ఎన్నడూ ఎరగని ఆనందం. అందులో ఎక్కడో ఒక గొంతు. వచ్చింది. పోయింది.

కళ్ళు తెరిపించింది కిందినుంచి వచ్చిన కేక. పై అంతస్తులో ఎవరో బటన్ నొక్కారు, మోటారు తిరుగుతోంది. స్విచ్చి ఆన్‌లోనే ఉంది.

కప్పీలో నలిగిన తొందరయ్య కుడిచేతి వేళ్ళు రెండు ఆస్పత్రిలో తీసేశారు. మర్నాడు సూపర్‌వైజర్ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"జవాబు రాకుండానే చెయ్యి పెట్టేశావా?"

"పెట్టేశాను సార్."

"ఆ పేరు నీకు ఊరికే రాలేదురా. రేపటి విచారణలో ఇదే చెబితే ఉద్యోగం ఉండదు."

మేస్త్రీ గోడకానుకుని వింటున్నాడు. తను జవాబిచ్చాడా? జ్ఞాపకంలో ఎంత తవ్వినా ఆ ఆనందం తప్ప ఇంకేమీ తగల్లేదు.

వరండాలో భార్య కళ్ళు తుడుచుకుంది. "వాడి తొందర వాడి వేళ్ళు తినేసింది. మీరు బెంగ పెట్టుకోకండి. కాసేపు అలా కూర్చుని కళ్ళు మూసుకోండి."

మూసుకున్నాడు. రాదనుకున్నాడు. పిలిచినట్టే వచ్చింది, అదే హాయి, అదే తేలిపోవడం. లోపల గదిలో మనిషి వేళ్ళు పోగొట్టుకుని పడి ఉన్నాడన్నది దానికి పట్టనే లేదు. మేస్త్రీ చివాలున లేచి లోపలికి వెళ్ళాడు.

"బావా, నొప్పికి రెప్ప వాలట్లేదు," అన్నాడు తొందరయ్య. "నువ్వు చేసేదేదో నాకూ నేర్పు."

"కళ్ళు మూసుకుని ఊపిరి చూడు."

"కళ్ళు మూసుకుని ఎలా చూస్తార్రా బాబూ?"

"నోరు కూడా మూసుకో. ఏదైనా శబ్దం వస్తే..."

మేస్త్రీ మంచం అంచున కూర్చున్నాడు.

"వస్తే?"

"ఒరేయ్, ఆ రోజు నేనేమైనా అన్నానా?"

"వదిలెయ్ బావా."

"చెప్పు."

తొందరయ్య కట్టు కట్టిన చేతివైపు చూసుకున్నాడు. "ఊఁ అన్నావు."

"అంతేనా?"

"అంతే. ఎంత హాయిగా అన్నావో. మాట మొత్తం రాలేదుగా, నేను మళ్ళీ అడగాల్సింది. కానీ భయం మేస్త్రీ ఊఁ అంటే ఇంకొకడు ఒట్టేసినంత కదా, పెట్టేశాను."

"మరి సూపర్‌వైజర్‌కి అలా ఎందుకు చెప్పావ్?"

"నువ్వు ఇప్పుడిప్పుడే మనుషుల్లో పడ్డావని అక్క మురిసిపోతోంది. అదెందుకు చెడగొట్టడం?"

మేస్త్రీ వరండాలోకి వచ్చి, భార్య ఎదుటే సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాడు.

"సార్, వాడు అడిగాడు. స్విచ్చి ఆపకుండానే ఊఁ అన్నది నేను. రేపు అదే చెబుతాను."

"నిద్రపోయావా?"

"లేదు సార్. మెలకువగానే ఉన్నాను. చాలా హాయిగా ఉన్నాను."

భార్య చేతిలోని కొంగు జారింది. ఆమె అతనివైపు చూడలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడింది. మేస్త్రీ గుండె దడదడలాడుతోంది. ఊపిరి గమనిస్తే ఆ దడ తగ్గుతుందని అతనికి తెలుసు. గమనించలేదు.

లోపలినుంచి పిలుపు వినిపించింది. "బావా, ఉన్నావా?"

"ఉన్నాను," అన్నాడు. మాట మొత్తం.