న్యాలె రాని రేవు

ఆ రేవులో ఎవరికీ సొంత పేరు ఎక్కువకాలం నిలవదు. బిడ్డ పుట్టగానే తల్లి ఇనాక్ అవుతుంది, తండ్రి అమాక్ అవుతాడు, దాని వెనక బిడ్డ పేరు తగులుకుంటుంది. కూతురు కెర్తి పుట్టిన నాటి నుంచి ఊరిపెద్ద అమాక్ కెర్తి, ఆయన భార్య ఇనాక్ కెర్తి. సుమెనాకి పిల్లల్లేరు కాబట్టి నలభై దగ్గరపడుతున్నా ఆమె సుమెనాయే. ఈమధ్య ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కూడా కరువయ్యారు.

మూడేళ్ళ కిందట ఆమె మొగుడు సహనూన్ చేపలవేటకి వెళ్ళి తిరిగి రాలేదు. వెళ్ళేముందు ఇంటి ఎదుట, నీళ్ళ అంచున వెదురుగడ పాతి, దానికి కొత్త సోలార్ లైటు కట్టాడు. "రాళ్ళ మధ్య దారి ఇరుకు. నేనొచ్చేదాకా దీన్ని ఆర్పకు" అన్నాడు. గాలివాన పట్టుకుంది. పడవ చెక్క కూడా దొరకలేదు. లైటు మాత్రం ఆరలేదు.

చావుకి నలభయ్యో నాటి ప్రార్థన జరిపిస్తేగాని ఆ చావు తెమిలినట్టు కాదు. అమాక్ కెర్తి ఆ మాట ఎత్తినప్పుడు సుమెనా కస్సుమంది. "ఏ రోజు నించి లెక్కపెడతావు మామా? ఆయన పోయిన రోజేదో చెప్పు, అప్పుడు చేయిస్తాను."

ఆ తర్వాత రెండేళ్ళూ న్యాలె రాలేదు.

ఏడాదికోసారి, వానకాలం చివర్లో, పౌర్ణమి వెళ్ళిన నాలుగైదు రోజులకి, తెల్లవారుజామున రాతిబొక్కల్లోంచి పైకి తేలే సముద్రపు పురుగులు న్యాలె. ఆకుపచ్చవి, గోధుమరంగువి, దారప్పోగుల్లా నీళ్ళనిండా కదుల్తాయి. ఆ రోజే ఊరికి పండగ, ఊరు ఊరంతా వలలు పట్టుకుని దిగుతుంది. తిన్నంత తిని, మిగిలింది పొలాల్లో చల్లుకుంటారు. కొండకవతలి రేవులో బాల్చీలకొద్దీ దొరికినవి, వీళ్ళ రేవుకి మాత్రం మొహం చాటేశాయి. అవతలి వాళ్ళ న్యాలె కొనుక్కు తినాల్సొచ్చింది. ఇంతకన్నా తలవంపులు ఆ ఊరికి లేవు.

"చావు తెమలని ఇంటి మైల సముద్రానికి తగిలింది" అన్నారు. ఎవరూ ఆమెని తిట్టలేదు, కొట్టలేదు. పెళ్ళికి పిలవటం మానేశారు. బావి దగ్గర ఆమె వస్తే మాటలు ఆపేశారు. కూర వండితే ఆకులో చుట్టి పొరుగింటికి పంపుకునే ఊళ్ళో ఆమె గుమ్మానికి ఆకుపొట్లం రావటం ఆగిపోయింది. తిట్టినా బాగుండునని సుమెనా చాలాసార్లు అనుకుంది. తిట్టటానికైనా మనిషి దగ్గరికి రావాలిగా.

వచ్చేది ఒక్క రెత్నోయే. జావా పిల్ల. కొండ పక్కన సముద్రపు జీవాల మీద పరిశోధన చేసే కేంద్రంలో, తొట్లలో పురుగుల్ని పెంచే ఉద్యోగం. సుమెనా ఎండబెట్టే నాచు కోసమని వస్తుంది గాని, నిజానికి ఆమె కాఫీ కోసం వస్తుంది. ఒకరోజు పొద్దుగూకేదాకా కూర్చుంది. లైటు దానంతటదే వెలిగింది.

"అక్కా, ఇది రాత్రంతా ఇలాగే ఉంటుందా?"

"ఉంటుంది. నీకేం, కళ్ళు జిగేల్మంటున్నాయా?"

"నాక్కాదు, న్యాలెకి." రెత్నో గ్లాసు కింద పెట్టింది. "ఇలాంటి పురుగుల ఒంట్లో క్రిప్టోక్రోమ్ అని ఒక ప్రొటీన్ ఉంటుంది. ఎండ వేరు, వెన్నెల వేరు అని పసిగట్టేది అదే. పౌర్ణమి దాటాక చంద్రుడు రోజురోజుకీ ఆలస్యంగా వస్తాడు కదా. అంతదాకా ఉండే చీకట్ని బట్టి ఇవి రోజులు లెక్కేసుకుంటాయి. మా తొట్లలో రాత్రంతా లైటు వేసి చూశాం. వాటికి రోజూ పౌర్ణమే అయిపోయింది. బయల్దేరాల్సింది ఏ రోజో తెలీక బొక్కల్లోనే కూర్చున్నాయి."

"అంత చిన్న పురుక్కి అన్ని లెక్కలా?"

"మొక్కల్లో, ఈగల్లో, మనలో కూడా ఉంటుందక్కా, కాస్త వేరే రకం. తెల్లారిందో చీకటిపడిందో ఒంటికి చెప్పే గడియారంలో అదీ ఒక చక్రమే."

"అయితే నా గడియారం ఎప్పుడో మూలపడింది. కంటినిండా నిద్రపోయి మూడేళ్ళయింది" అని సుమెనా నవ్వింది. రెత్నో నవ్వలేదు.

"ఇప్పుడార్పితే పండగ నాటికి నెలపైనే ఉంది. రావచ్చు. వస్తాయని మాటివ్వలేను."

సుమెనాకి ఒళ్ళు మండింది. పలకరించటానికే మనసురాని ఊరి కోసం మొగుణ్ణి చీకట్లో వదిలెయ్యాలా? మూడు రోజులు తనలో తనే ఊరినీ, పురుగుల్నీ, రెత్నోనీ దులిపేసింది. కాని ఆ ఒక్క మాట పీడలా పట్టుకుంది. ఏ రోజో తెలీక బొక్కల్లోనే కూర్చున్నాయి. తనేం చేస్తోంది మరి?

నాలుగో రోజు సాయంత్రం గడ దగ్గరికి వెళ్ళి మీట నొక్కింది. రేవు ఒక్కసారిగా నల్లబడింది. "పుట్టి పెరిగిన రేవేగా, దారి నీకు తెలీదా?" అంది గట్టిగా, నీళ్ళకేసి. "తడుముకునైనా రా. ఈ నెల్లాళ్ళలో రా." తర్వాత ఇసకలో కూలబడి, ఎవరైనా వింటారేమోనన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చింది. వినేవాళ్ళెవరూ లేరు.

మొదట్లో చెయ్యి మీట మీదికి దానంతటదే పోయేది. ఒకనాడు కళ్ళు తెరిచేసరికి ఎండ గుమ్మంలోకి వచ్చేసింది. రాత్రంతా నిద్రపోయింది! ఆయన రాత్రి వచ్చి పిలిచినా తనకి వినబడి ఉండదే అని నీళ్ళ అంచుకి పరుగెత్తింది. చీకటికి ఒళ్ళు అలవాటుపడిపోయింది, మనసుని అడక్కుండానే.

పండగనాడు ఊళ్ళో సగంమంది కొండ దాటి అవతలి రేవుకి పోయారు. ఊరిపెద్ద సొంత రేవు విడిచి పోకూడదు కాబట్టి అమాక్ కెర్తి మోకాల్లోతు నీళ్ళలో ఉత్త వలతో నిలబడ్డాడు. కాస్త దూరంగా సుమెనా. తూర్పు తెలుపెక్కుతుండగా ఆమె పిక్కలకి ఏదో చుట్టుకుంది. వంగి దోసిలి పట్టింది. దోసిలినిండా ఆకుపచ్చ పోగులు మెలికలు తిరుగుతున్నాయి.

"వచ్చాయిరోయ్!" అమాక్ కెర్తి గొంతు చిరిగేలా అరిచాడు. పెద్దరికం గాలికి పోయింది. ఒడ్డున ఇనాక్ కెర్తి బాల్చీ మోగిస్తూ, "కొండకవతల మనోళ్ళని వెనక్కి పిలవండ్రా! ఇవాళ కొనుక్కునేది అవతలి రేవోళ్ళే!" అని కేకలు పెట్టింది. జనం పరుగెత్తుకొచ్చారు. ఎవరో సుమెనా చేతిలో వల పెట్టారు. "నిలబడ్డావేం, తోడు!" ఇన్నాళ్ళ తర్వాత ఆమెకి దక్కిన మొదటి చీవాటు అది.

తోడింది. పైకొచ్చేది పురుగు వెనక సగమేనని, తల రాతిలోనే ఉండిపోతుందని రెత్నో చెప్పింది. ఉండిపోవటమంటే ఏమిటో సుమెనాకి ఒకరు చెప్పాలా?

అమాక్ కెర్తి నీళ్ళు తోసుకుంటూ దగ్గరికొచ్చాడు. వెదురుగడ వైపు చూశాడు.

"ఆర్పేశావని చూస్తూనే ఉన్నాను. అడగటానికి నోరు రాలేదు."

"నలభయ్యో నాటి ప్రార్థన చేయిద్దాం మామా."

ఒకప్పుడు ఆమె అడిగిన మాటే మెల్లిగా అడిగాడు. "ఏ రోజు నించి లెక్కపెట్టమంటావు తల్లీ?"

"నేను లైటార్పిన సాయంత్రం నించి" అంది సుమెనా. "అప్పటిదాకా ఆయన బతికే ఉన్నాడు."