తల తిప్పకూడని పడవ

జెండా పైకి వెళ్ళిందో లేదో, పడవలవాళ్ళంతా సముద్రం మీదికి వచ్చేశారు. ప్రసంగాలు వినే ఓపిక గొడుగుల కింద కూర్చున్న పెద్దమనుషులకి ఉంటే చాలు. సమోవా దీవుల్లో మిగతా జనానికి జూన్ ఒకటి, స్వాతంత్ర్య దినం, అంటే పడవ పందెమే. న్యూజిలాండ్ దొరలు మూటాముల్లె సర్దుకున్న ఏడు, మొదటి పందెంలో ‘మనుసామీ’ పడవకి చుక్కాని తెడ్డు పట్టినవాడు ఫిలిమోనీ తండ్రి. ఇప్పుడు పడవ వెనక కొసన నిలబడి ఆ తెడ్డు పట్టుకున్నవాడు ఫిలిమోనీ. అరవై ఆరేళ్ళవాడు, ఊరి పెద్ద, ఒకరి చేత మాట పడని మనిషి.

అతని కాళ్ళ దగ్గర, మొదటి బల్ల మీద, అతని వైపే మొహం పెట్టి మేనల్లుడు ఇయాకోపో కూర్చున్నాడు. మావయ్యకి చూపు ఆనడం లేదని ఈ పడవలో అతనొక్కడికే తెలుసు.

తెలిసి మూడు వారాలైంది. ఒడ్డున నిలబడి, “ఆ తెల్లగా ఉన్నదేంట్రా, తెరచాపా?” అని అడిగాడు ఫిలిమోనీ. అది పగడపు దిబ్బ మీద విరుగుతున్న అల. ఇయాకోపో నవ్వేసి ఊరుకున్నాడు. ఊరి పెద్దని పట్టుకుని నీకు కళ్ళు పోయాయని అనడం అక్కడ చెంపదెబ్బ కన్నా పెద్ద అవమానం. పైగా అరవై ఏళ్ళుగా ఇంట్లో ఉన్న తెడ్డు ఇంకో ఇంటికి పోతుంది. ఇన్ని సాకులెందుకు, అది పిరికితనమే. ఆ సంగతి అతనికీ తెలుసు.

నలభై ఆరుగురు వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి తెడ్లు వేస్తారు. ముందేముందో చూసేది చుక్కాని పట్టినవాడొక్కడే. తల తిప్పడం నిషిద్ధం. తిప్పినవాడు ఊరికి పందిని ఇచ్చుకోవాలి. ఆ తర్వాత వాడి మనవల పెళ్ళిళ్ళలో కూడా ఆ మాట ఎత్తుతారు. స్వరాజ్యం అడుగుతూ తెల్లగీతల నీలి లుంగీలు కట్టి తాతలు తుపాకులకి ఎదురు నడిచారు, ఒక్కడూ వెనక్కి చూడలేదు, మీకేం రోగంరా అని పెద్దలు తిడతారు. ఇవాళ నలభై ఆరుగురి నడుముకీ ఆ నీలి లుంగీలే ఉన్నాయి.

పందెం తుపాకీ పేలింది.

“లాగండ్రా! మూడు నెలలు పెళ్ళాల్ని వదిలి పడవ పాకలో పడుకుంది ఇందుకేనా?” అని ఫిలిమోనీ గర్జించాడు.

“ఇంకో నెలైతే మా ఆవిడ నన్ను గుర్తుపట్టదు పెద్దయ్యా!” అని వెనకనుంచి ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు. తెడ్లు ఒక్కసారే నీళ్ళలో పడ్డాయి.

పడవ దూసుకుపోయింది. పక్క ఊరివాళ్ళ ఎర్ర పడవ వెనకబడి, దాని ముక్కు ఇయాకోపోకి కనిపించసాగింది. వేరే రోజైతే ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడతను చూస్తున్నది మావయ్య కళ్ళని. దిబ్బలో రేవుకి దారిచ్చే గండి ఒక్కటే ఉంది. దానికి అటొకటి ఇటొకటి రెండు కంబాలు. వాటి కోసం ఆ కళ్ళు వెతుకుతున్నాయి, ఎక్కడా నిలవడం లేదు.

అలల హోరు దగ్గరైంది. అది రెండు పక్కలా వినిపించాలి. నేరుగా వీపు వెనకనుంచి వినిపిస్తోంది.

“మావయ్యా, కంబాలు కనిపిస్తున్నాయా?” అని మెల్లగా అడిగాడు.

“నోరు మూసుకుని తెడ్డు వెయ్యి.”

“మావయ్యా!”

“వెయ్యమన్నానా!” గొంతు గట్టిగానే ఉంది. కళ్ళు మాత్రం ఇంకా వెతుకుతూనే ఉన్నాయి.

ఇయాకోపో తల తిప్పాడు.

వెనక బల్లల మీది నలభై ఐదుగురూ అతని మొహం చూశారు. అతను చూసింది తెల్లటి నురగ గోడని. కంబాలు బాగా పక్కకి ఉన్నాయి.

“నీ ఎడమకి! మావయ్యా, నీ ఎడమకి! దిబ్బ మీదికి పోతున్నాం!”

తెడ్లు గతి తప్పి ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ఫిలిమోనీ మొహం పాలిపోయింది. ఒక్క క్షణం అతను తిడతాడో, మొండికేస్తాడో ఇయాకోపోకి తెలియలేదు.

“ఎంత?” అన్నాడు ఫిలిమోనీ చిన్నగా.

“ఇంకా. ఇంకా తిప్పు. చాలు! తిన్నగా పోనీ!”

కుడి కంబం చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా దాటిపోయింది. ఈలోగా ఎర్ర పడవ పక్కనుంచి కేరింతలు కొడుతూ ముందుకెళ్ళింది. మనుసామీ రెండోదిగా ఒడ్డు చేరింది.

ఒడ్డున రేడియో అంతకు ముందే ఊదరగొట్టేసింది, మనుసామీ మొదటి బల్లవాడు తల తిప్పాడని. దేశమంతా విన్నది. ఇద్దరు కొడుకుల్ని ఆ పడవలో పంపిన లుపే మామ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురొచ్చింది.

“ఏరా ఇయాకోపో, ఏం చూద్దామని తిరిగావు? ముందు అమ్మాయిలెవరైనా నిలబడ్డారా? చేతికొచ్చిన పందెం నేలపాలు చేశావు కదరా!”

“భయమేసింది మామ్మా,” అన్నాడు ఇయాకోపో తల వంచుకుని. పందిని ఇచ్చేస్తే సరి. తెడ్డు ఇంట్లోనే ఉంటుంది.

“వాడికి భయం వెయ్యలేదు,” అన్నాడు వెనకనుంచి ఫిలిమోనీ. “నాకు కళ్ళు ఆనడం లేదు. వాడు తల తిప్పబట్టి మీ పిల్లలు బతికారు. నేను చెప్పకుండా ఎక్కాను.”

కానుకలిచ్చేందుకు ఆడవాళ్ళు తెచ్చిన మేలు చాపల్లోంచి అతని భార్య ఒకటి తీసింది. ఆమె ఏడుస్తోంది. ఫిలిమోనీ పడవవాళ్ళ తల్లుల ముందు ఇసకలో కూర్చుని, చాప నెత్తి మీంచి కప్పుకున్నాడు. తప్పు చేసినవాడు అలా కూర్చోవాలి. ఎదుటివాళ్ళు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తియ్యకపోతే చీకటి పడేదాకా ఎండలో అలాగే ఉండాలి. ఊరి పెద్ద అలా కూర్చోవడం వాళ్ళెవరూ చూసి ఎరగరు. ఎవరూ కదల్లేదు. లుపే మామ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

ఇయాకోపో వెళ్ళి చాప అంచు ఎత్తి, తనూ లోపలికి దూరాడు.

“నువ్వెందుకొచ్చావురా?” అన్నాడు ఫిలిమోనీ.

“నాకు మూడు వారాల నుంచీ తెలుసు మావయ్యా. చెప్పలేదు.”

చాప కింద ఉక్కపోతగా ఉంది.

“నాకు ఏడాది నుంచీ తెలుసురా,” అన్నాడు ముసలాయన.

ఎవరో ఇసక మీద నడిచి వచ్చారు. చాప లేచింది. ఎదురుగా లుపే మామ్మ నిలబడి ఉంది. ఆమె కళ్ళింకా కోపంగానే ఉన్నాయి.

“లేవరా ఇయాకోపో,” అంది. “మీ మావయ్య చెయ్యి పట్టుకో. గట్టు ఎక్కేచోట మెట్టుంది.”

ఇయాకోపో చెయ్యి పట్టుకున్నాడు. ఫిలిమోనీ విదిలించుకోలేదు.