నూటికి పందొమ్మిది

టీచరమ్మకు పిల్లల మీద ఎంత ప్రేమో వాళ్ళ జవాబుల మీద అంత అనుమానం. ముప్పై ఏళ్ళుగా ముందు గదిలో లెక్కల ట్యూషన్ చెప్పి ఆవిడ సంపాదించుకున్న ఆస్తి అదొక్కటే. అలాంటి మనిషి కూడా, పిచ్చుక తెచ్చిన పరీక్ష పేపరు అటూ ఇటూ తిప్పి మళ్ళీ మళ్ళీ చూసుకుంది. నూటికి పందొమ్మిది.

పిచ్చుక అంటే పక్క వీధి టైలరమ్మ కూతురు. మనిషి అంతే ఉంటుంది కాబట్టి టీచరమ్మే ఆ పేరు పెట్టింది. ఏడాదిగా ఈ బల్ల దగ్గర కూర్చుని ఒక్క లెక్క తప్పు చేసి ఎరగదు.

సాయంత్రం టైలరమ్మ మెడలో టేపు తీయకుండానే పరుగెత్తుకొచ్చింది.

"పదిహేను రోజుల్లో మళ్ళీ పరీక్ష పెడతారంటండీ. అందులోనూ పోతే ఇదే క్లాసు ఇంకో ఏడాది చదవాలన్నారు. మీ దగ్గర అన్నీ రైటే చేస్తుందన్నారు కదా. మరిదేంటి?"

అదేంటో టీచరమ్మకు తెలిస్తేగా. ఈ పిల్ల తన కళ్ళు కప్పి ఏదో చేస్తోందని మాత్రం ఖాయం చేసుకుంది.

"ఇంట్లో ఎవరైనా ముందే జవాబులు చెప్పి పంపుతున్నారా?"

"ఎవరున్నారండీ? నాకు కొలతలు తప్ప ఏమీ రావు. వాళ్ళ నాన్న లారీ దిగేదే వారానికోసారి."

మర్నాటి నుంచి టీచరమ్మ కూపీ లాగడం మొదలుపెట్టింది. పెన్సిలు వెతికే వంకతో బ్యాగంతా తిరగేసింది. గైడు లేదు. అరచేతులు చూపించమంది. ఇంకు మరకలు తప్ప ఏమీ లేవు. పుస్తకంలో అంకెలన్నీ మార్చేసి సొంత లెక్కలిచ్చింది. ఎదురుగా కూర్చుని, కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తుండగానే పిచ్చుక అవీ చేసేసింది. అన్నీ రైటే. మామూలు గడుసుది కాదు ఇది, అనుకుంది టీచరమ్మ ఒళ్ళు మండి.

నాలుగో రోజు లెక్క మధ్యలో ఫోను మోగింది. టీచరమ్మ కిటికీ వైపు తిరిగి ఐదు నిమిషాలు మాట్లాడి వచ్చింది. అంతసేపూ పిచ్చుక ఒక్క అంకె కూడా వేయలేదు. ఈవిడ కుర్చీలో కూర్చున్నాక, ఈవిడ మొహం వైపు ఓసారి చూశాక, అప్పుడు కదిలింది పెన్ను.

నా మొహంలో ఏముంది?

టీచరమ్మ ఇంకో లెక్క ఇచ్చింది. మూడు ఎక్స్ ప్లస్ ఏడు, ఈజీక్వల్టు ఇరవై అయిదు. ఇచ్చి బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. పిచ్చుక ఏడుని అటువైపుకి మార్చి మైనస్ పెట్టింది. రైటే. తలెత్తి చూసింది. మైనస్ కొట్టేసి ప్లస్ పెట్టింది. మళ్ళీ చూసింది. టీచరమ్మ ఈసారి కావాలనే "ఊఁ" అంది.

పిచ్చుక మొహం విప్పారింది. రెండూ కలిపి ముప్పై రెండు అని గుండ్రంగా వేసేసింది.

"ప్లస్ ఎందుకు పెట్టావు?"

"మీరు ఊఁ అన్నారు కదా టీచర్."

"అనకపోతే?"

"అనకపోతే తప్పని కొట్టేస్తా."

"మరి పరీక్షలో?"

"అక్కడ మీరు ఉండరు కదా," అంది పిచ్చుక. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

టీచరమ్మకు ముందు కోపమొచ్చింది. ఆ తర్వాత తల తీసేసినట్టయింది. మెట్టు మెట్టుకీ తాను ఊఁ కొడుతున్నట్టు ఇన్నేళ్ళూ ఆవిడకే తెలీదు. ఏడాదిగా ఎదురుగా కూర్చుని జవాబులు అందిస్తున్న మనిషి తానే అయ్యుండి, ఆ పిల్ల బ్యాగు వెతికింది.

ఆ రోజే బల్ల గోడ వైపుకి తిరిగింది. టీచరమ్మ వంటగదిలోకి మారింది.

"రైటో తప్పో నేను చెప్పను. వచ్చిన జవాబు ఎక్స్ ఉన్నచోట పెట్టి చూసుకో. రెండు వైపులా సరిపోతే రైటు. లేదా, ఎక్కడ పోయిందో నువ్వే పట్టుకో."

రెండు రోజులు పరపరా కొట్టివేతలు, ముక్కు ఎగబీల్చడాలు తప్ప ఇంకేమీ వినపడలేదు. వెళ్ళి చెప్పేద్దామని టీచరమ్మ ప్రాణం కొట్టుకుంది. పళ్ళ బిగువున ఆగింది. ఆరో రోజు ముందు గదిలోంచి, "ఇదిగో, ఇక్కడ పోయింది," అని పిచ్చుక తనలో తాను అనుకోవడం వినపడింది. అప్పుడు కూర్చుంది ఆవిడ, పొయ్యి పక్కనే పీట వేసుకుని.

రెండో పరీక్షలో అరవై నాలుగు వచ్చాయి. పేపరు పట్టుకొచ్చిన టైలరమ్మ మొహంలో సంతోషం లేదు.

"నిజం చెప్పండి టీచర్ గారూ. పందొమ్మిది ఎక్కడ, అరవై నాలుగు ఎక్కడ? పక్కవాళ్ళది చూసి రాసిందని స్కూల్లో గుసగుసలట. నాకూ అలాగే అనిపిస్తోంది."

టీచరమ్మ నోరు తెరిచేలోగా పిచ్చుక పుస్తకం తీసి తల్లి ముందు పెట్టింది.

"ఎక్కడైనా వేలు పెట్టమ్మా."

టైలరమ్మ పెట్టింది. అయిదు ఎక్స్ ప్లస్ పదకొండు, ఈజీక్వల్టు నలభై ఆరు. పిచ్చుక వంచిన తల ఎత్తకుండా చేసి, ఏడు అని రాసింది.

"రైటేనాండీ?" అని టైలరమ్మ టీచరమ్మ వైపు చూసింది.

"టీచర్‌ని అడక్కమ్మా. నన్నూ నమ్మక్కర్లేదు." పిచ్చుక పెన్ను తల్లి చేతిలో పెట్టింది. "గౌను కుట్టాక తొడిగించి చూస్తావే, అలాగే. ఎక్స్ ఉన్నచోట ఏడు పెట్టు. అయిదేడులు ఎంత? దానికి పదకొండు కలుపు."

టైలరమ్మ పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. నమ్మకం కుదరక మొదటి నుంచి మళ్ళీ లెక్కపెట్టింది. నలభై ఆరు అని వంకరగా రాసి, పుస్తకంలో అంకె పక్కన పెట్టి చూసుకుంది.

"సరిపోయింది," అంది. ఆ మాట అనేటప్పుడు ఎవరి మొహమూ చూడలేదు.