నూరుద్దీన్ స్టూలు

వేపచెక్క స్టూలు పోయిన నాటి నుంచి నూరుద్దీన్ గేటు దగ్గర నిలబడే డ్యూటీ చేస్తున్నాడు. ఈ రోజూ అంతే. లక్డారం దారిలోని మందుల కంపెనీ ముందు డ్రమ్ముల లారీ వచ్చి ఆగింది. అతడు నంబరు చూసి, డ్రైవరు ముఖం చూసి, ఇనుప గేటును భుజంతో నెట్టాడు. లారీ లోపలికి పోయాక లేచిన దుమ్ములో మందుల ఘాటు ముక్కుకు తగిలింది. ఎంత ఉతికినా అతని ఖాకీ చొక్కాను వదలని వాసన అది.

సన్నటి మనిషి. గోరింటాకు పెట్టిన గడ్డం మొదట్లో తెల్లగా, చివర్లో ఎర్రగా ఉంటుంది. వడ్రంగం మానేసి గేటు పనిలో చేరి ఎన్నేళ్లయినా, కుడి అరచేతిలో బాడిసె పట్టిన కాయ ఇంకా మెత్తబడలేదు.

"చాచా, జెర కూసో," అంటూ రెండో వాచ్‌మన్ సుధీర్ ప్లాస్టిక్ కుర్చీ జరిపాడు.

"వద్దులే. నిలవడితే కాళ్లకు మంచిది."

"నీ స్టూలు ఎత్కపోయినోడు ఎవడోగాని, వానికి జిందగీల కూసునే నసీబ్ ఉండొద్దు. కెమెరా సూడమని సార్‌కు చెప్పాల్నా?"

"నువ్ సప్పుడు జెయ్యకుండ ఉండు," అన్నాడు నూరుద్దీన్ గాబరాగా.

దొంగ ఎవరో అతనికి తెలుసు.

కంపెనీ పెట్టించిన ఆరోగ్య శిబిరంలో పెద్దపేగు క్యాన్సర్ పరీక్షకు అతడు పేరిచ్చాడు. ఇవ్వనని మొండికేస్తే కూతురు సమీరా అలిగి అన్నం ముట్టలేదు. తర్వాత పటాన్‌చెరు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. "రేపు పొద్దున స్టూల్ తీసుకుని రండి, టెస్టు ఉంది." శిబిరంలో కుర్చీలు చాలక జనం నేల మీద కూర్చోవడం అతడు చూశాడు. అందుకే ఎవరి స్టూలు వాళ్లను తెచ్చుకోమంటున్నారని, పద్ధతిగల ఆసుపత్రి అని అనుకున్నాడు. మరునాడు స్టూలును భుజాన వేసుకుని షేర్ ఆటో ఎక్కాడు.

నర్సు నిషిత ముందు అతన్ని చూసింది, తర్వాత స్టూలును చూసింది. మాస్కు మీద చేయి అడ్డం పెట్టుకుంది.

"చాచా, గీ స్టూల్ గాదు."

"మరి ఏ స్టూలు బిడ్డా? నాకు గిదొక్కటే ఉన్నది."

ఆమె గొంతు తగ్గించింది. "పొద్దుగాల దొడ్డికి పోతరు గద. గది."

ఎంత తగ్గించినా గది మొత్తానికీ వినిపించింది. గోడవారగా కూర్చున్నవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నిషిత అతని చేతిలో వేలెడంత ప్లాస్టిక్ గొట్టం పెట్టి, మూతకున్న పుల్లను మలంలో నాలుగైదు చోట్ల గుచ్చి మళ్లీ గొట్టంలో పెట్టాలని, కంటికి కనపడని రక్తం ఉన్నా పరీక్షలో తెలుస్తుందని చెప్పింది. చెవులు కాలిపోతుంటే అతడు సగమే విన్నాడు. గొట్టం జేబులో వేసుకుని బయటపడ్డాడు. ఆటో కదిలాక స్టూలు గుర్తుకొచ్చింది. వెనక్కి పోవడానికి ముఖం చెల్లలేదు. గొట్టాన్ని కూడా తర్వాత సమీరా చేతే పంపాడు. గేటు దగ్గర మాత్రం స్టూలు ఎవరో ఎత్తుకుపోయారన్నాడు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా ఫోను మోగింది.

"చాచా, నిషితను. రిపోర్ట్ వచ్చింది. డ్యూటీ దిగినంక రా."

"ఏమున్నది బిడ్డా అండ్ల?"

"వచ్చినంక చెప్త."

రొట్టె ముక్కను డబ్బాలోనే పెట్టి మూత వేశాడు. బాగుంటే ఆ మాట ఫోనులోనే చెప్పేది కదా. తాను మంచాన పడితే సమీరా ఉద్యోగం మానాలి. ఒకసారి మానింది. సుల్తాన్‌పూర్‌లో సిరంజీల కంపెనీలో ఇప్పుడిప్పుడే మళ్లీ దొరికింది.

తర్వాత వచ్చిన లారీకి నంబరు చూడకుండానే గేటు తెరిచాడు.

"చాచా! ఏంది గట్ల సూస్తున్నవ్? పరేషాన్ల ఉన్నవా?"

సుధీర్ అడుగుతుంటే అతడు గేటు మూశాడు.

సాయంత్రం ఆసుపత్రి వసారాలో మొట్టమొదట కనిపించింది స్టూలే. బరువు చూసే మిషను పక్కన ఉంది. ఒక ముసలమ్మ దాని మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటోంది. స్టూలు పొట్టి కాలు కింద మడిచిన అట్టముక్క పెట్టి ఉంది.

ముసలమ్మ లేచాక నిషిత స్టూలు అతని వైపు జరిపింది. "కూసో చాచా. నీదే."

"ముందు చెప్పు బిడ్డా."

"ఏం లేదు. రక్తం జాడ లేదు. మంచిగున్నది."

"మరి ఫోన్ల ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వొస్తవా? గీ స్టూలు ఎవరు తీస్కపోవాలె?"

నూరుద్దీన్ కూర్చున్నాడు. గుండెల నిండా గాలి పీల్చుకుని, రెండు చేతులతో ముఖం తుడుచుకుని నవ్వాడు. నిషిత కూడా నవ్వింది.

"గిది ఒక్కసారితోని అయిపోదు చాచా. మల్ల ఏడాదికి చెయ్యాలె. నడుమల రక్తం కనవడితే ఆగకు, జల్దీ రా. ఇగో, కాలు ఊగుతుంటే అట్ట పెట్టిన."

"ఆమె గూడ గట్లనే పెడ్తుండె."

"ఎవరు, చాచీనా? ఆమెను గూడ తోల్కరా, చేద్దాం."

అతడు స్టూలు అంచును బొటనవేలితో రుద్దాడు.

"ఆమె పోయింది బిడ్డా. పోయిన రంజాన్ ముంగట. గీ పేగు రోగమే. రక్తం పడుతుంటే మొలలనుకున్నది. సిగ్గుకు నాకు గూడ చెప్పలే."

అతడు లేచి స్టూలును భుజానికెత్తుకున్నాడు. పొయ్యి ముందు కూర్చోవడానికని భార్య ఖమరున్నీసా కోసం చేసిన స్టూలు అది. ఆమె పోయాక, ఖాళీగా చూడలేక గేటు దగ్గరికి తెచ్చుకున్నాడు.

ఆటోలోంచి సమీరాకు ఫోను చేసి చెప్పాడు. అవతలి నుంచి చాలాసేపు ఏడుపే వినిపించింది. అది ఎలాంటి ఏడుపో అతనికి తెలుసు. వింటూ కూర్చున్నాడు.

గేటు దగ్గర సుధీర్ ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు.

"దొరికిందా! దొంగ ఎవడు చాచా?"

"నేనే."

జరిగింది చెబితే సుధీర్ గేటు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి ఆగాడు. "అంటే, నాకు గూడ చెయ్యాల్నా?"

"నీ పేరు గూడ ఇస్త. ఫోన్ జేసి స్టూల్ తెమ్మంటరు. గిది అడగకు, నేనియ్య."

నూరుద్దీన్ స్టూలును గోడ పక్కన పాత చోటనే పెట్టి ఇంటికి బయలుదేరాడు. అట్టముక్క ఆసుపత్రిలోనే ఉండిపోయింది. స్టూలు ఒక పక్కకు ఒరిగి నిలబడింది. ఆ కాలు బాగు చేయమని ఖమరున్నీసా అడిగింది. ఇంకా చేయలేదు.