జాన్‌బాషా ట్రాన్స్‌ఫార్మర్

నందిగామలో టీవీలు బాగుచేసే జాన్‌బాషా 1998 ఎండాకాలంలో ఓ పాత పిన్‌బాల్ మిషను కొన్నాడు. ముక్త్యాల వైపు ఒక ఫ్యాక్టరీ క్లబ్బులో మూలన పడి ఉన్నదది. మీట నొక్కితే స్టీలు గోలీ ఎగురుతుంది, గంటలు మోగుతాయి, దీపాలు వెలుగుతాయి. షాపు ముందు పెడితే బజారంతా ఆడుకుంటుందని అతని ఆశ. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఉంటే, విజయవాడలో పాత సామాన్ల కొట్లో ఇంకోటి వెతికి తెచ్చాడు.

"పాతదాని బదులు ఇంకో పాతదా?" అంది భార్య జహనారా.

"టెస్ట్ చేసే పెడతాలే."

టెస్టంటే, ప్లగ్గుకీ ట్రాన్స్‌ఫార్మర్‌కీ మధ్యలో ఓ బల్బు పెట్టి కరెంటు ఇవ్వాలి. బల్బు భగ్గున వెలిగితే లోపల షార్టు ఉన్నట్టు. జాన్‌బాషా ప్లగ్గు పెట్టాడు. బల్బు సన్నగా ఎర్రబడి ఊరుకుంది.

"చూసావా, బంగారంలా ఉంది!" అన్నాడు.

అంతలో వీధి చివర ఢామ్మని చప్పుడు. బజారంతా కరెంటు పోయింది.

పిండిమర వెంకటరత్నం ముందుగా పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేసావ్ బాషా?"

"నేనేం చెయ్యలేదండీ. ట్రాన్స్‌ఫార్మర్ టెస్ట్ చేస్తున్నా, అంతే."

ఆ మాట చాలింది. పేలింది స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్. కొబ్బరికాయంత ఉన్న తన ట్రాన్స్‌ఫార్మర్‌ని చూపించి జాన్‌బాషా ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. లైన్‌మన్ ఇశ్రాయేలుకి నిజం తెలుసు. ఏళ్ల తరబడి స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి నూనె కారుతోంది, మార్చమని బజారువాళ్లు అడుగుతూనే ఉన్నారు. అయినా పై ఆఫీసరు అడిగితే, "బజార్లో ఏదో కొత్త మిషను పెట్టారండి" అనేశాడు. పాతబడిందంటే కదలనివాళ్లు, కారణం దొరికేసరికి వారం తిరక్కుండా అంతకన్నా పెద్దది తెచ్చి బిగించారు.

లో వోల్టేజీ బాధ వదిలింది. వెంకటరత్నం మర ఆగకుండా తిరిగింది. జనం ఫ్యాన్ల కింద హాయిగా కూర్చుని జాన్‌బాషాని తిట్టారు. అతను మిషను బిగించి స్విచ్చి మీద చెయ్యి వేస్తే చాలు, నలుగురు అడ్డం పడేవాళ్లు.

"దండం పెడతా బాషా, ఇది కూడా పేల్చకు!"

ఒక్క గోలీ అయినా ఆడకుండానే మిషను లోపలికి పోయింది.

కొన్నాళ్లకు జగ్గయ్యపేట నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. సాయంత్రమైతే వాళ్ల వీధిలో ట్యూబులైట్లు వెలగవట.

"బాషాగారూ, మీ మిషను ఒక్కపూట మా వీధిలో పెట్టండి. ఆటో కూడా తెచ్చాం."

జాన్‌బాషాకి ఒళ్లు మండింది. తర్వాత ఆలోచించి, "వస్తా. కానీ మధ్యలో నన్నెవరూ ఆపకూడదు" అన్నాడు.

ఆ సాయంత్రం జగ్గయ్యపేట వీధిలో మిషను దీపాలు మసకగానే వెలిగాయి. గంటలు మోగాయి. జాన్‌బాషా, జహనారా వంతులేసుకుని ఆడారు. వీధిలో పిల్లలు ఎగబడ్డారు. చీకటి పడింది గానీ ఏదీ పేలలేదు.

పెద్దమనుషులిద్దరూ మొహాలు వేలాడేసుకుని, తిరుగు ఆటో సంగతి కూడా మాట్లాడకుండా ఇళ్లకు పోయారు.