బాబు నిద్రపోతున్నాడండీ

కంపెనీవాళ్ళు హోల్డ్‌లో పెట్టడంతో ఫోన్‌లో మళ్ళీ పాట మొదలైంది. అతను ఫోన్‌ని గోడకేసి కొట్టబోతే భార్య చెయ్యి పట్టుకుని ఆపింది.

వారం కిందట వాళ్ళ పసివాడు ఆ కంపెనీ మడతమంచంలో పడుకుని ఉండగా గొళ్ళెం జారి మంచం ముడుచుకుపోయింది. వీళ్ళు గదిలోకి వచ్చేసరికి అంతా అయిపోయింది. అప్పట్నుంచీ అతను ఫోన్ చేస్తూనే ఉన్నాడు. సంగతి చెప్పేలోపే ఇటు బూతులు, అటు పాట. అవే మంచాలు బజార్లో కొట్టు అద్దాల వెనక, పైన బొమ్మలు వేలాడేసుకుని, ఇంకా అమ్ముడుపోతున్నాయి.

ఆవిడ హోటల్లో టెలిఫోన్ ఆపరేటరు. అరిచే గెస్టుని ఏం చేస్తారో తెలియంది కాదు. తనూ పాట పెట్టేసి, టీ తాగి వచ్చేది. ఈలోగా గెస్టు విసిగి ఫోన్ పెట్టేసేవాడు.

"నన్ను మాట్లాడనీ," అంది. "చావు అని ఒక్క మాట అన్నామా, మనల్ని వాళ్ళ లాయరుకి అంటగడతారు. ఆయన కంపెనీవాళ్ళని నోరు మెదపనివ్వడు. మంచాలు మాత్రం అమ్ముతూనే ఉంటారు."

"నీకు కడుపు మండట్లేదా?"

ఆవిడ తన ఫోన్ నుంచి నంబరు నొక్కింది.

తేనె పూసిన గొంతుతో పలకరించింది. పొద్దున్నుంచీ ఎంతమంది చేత తిట్లు తిన్నావో పాపం అంటూ అవతలి అమ్మాయిని నవ్వించింది. మంచం ముచ్చటగా ఉందని మెచ్చుకుంది. ఆ గొళ్ళెం ఒక్కటే, బరువు పడితే జారుతోందని, పైవాళ్ళ చెవిన వేస్తే మేలని చెప్పింది.

"అయ్యో, బాబు బాగానే ఉన్నాడాండీ?"

భర్త ఆవిడ మొహంలోకి చూశాడు.

"నిద్రపోతున్నాడండీ."

అతను లేచి వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పాడు. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. హోటల్లో రూము చూపిస్తున్నట్టు మాట్లాడావని ఆ తర్వాత ఎత్తిపొడిచాడు. ఆవిడ ఆ మాటా పడింది.

మర్నాడు కంపెనీ మేనేజరే ఫోన్ చేశాడు. ఆ గొళ్ళెం గురించి ఇదివరకే ఇద్దరు చెప్పారట.

"వాళ్ళవి ఒకటే తిట్లమ్మా. నంబర్లు బ్లాక్ చేసేశాం. మీరు చెప్పాక బరువు పెట్టి చూస్తే నిజంగానే జారింది."

ఇద్దరు. వాళ్ళ పిల్లలేమయ్యారో అడిగే ధైర్యం లేకపోయింది. గోళ్ళు అరచేతిలో దిగాయి గానీ ఆవిడ గొంతు చెదరలేదు. అంత శ్రద్ధ పెట్టినందుకు థాంక్స్ చెప్పింది. అమ్మినవి కూడా కంపెనీయే ముందుగా వెనక్కి తెప్పిస్తే జనం తప్పుపట్టరు, మెచ్చుకుంటారు అని మెత్తగా సలహా ఇచ్చింది.

కొట్టు అద్దాల వెనక మంచాలు మాయమయ్యాయి. తర్వాత మేనేజరు మళ్ళీ ఫోన్ చేస్తే, భర్త కూడా వినాలని స్పీకర్ పెట్టింది. ఇళ్ళ నుంచి మంచాలు తెచ్చుకోవడానికి వచ్చేవారం వ్యాన్లు బయల్దేరతాయట.

"అంతా మీ చలవేనమ్మా. బాబుకి కొత్త మోడల్ మంచం మేమే పంపుతాం. ఎంత పొడవుంటాడు?"

ఆవిడ నోరు తెరిచింది. మేనేజరు హలో హలో అంటున్నాడు. ఇప్పుడు నిజం బయటపడితే వ్యవహారం లాయరు చేతికి పోతుంది, వ్యాన్లు కదలవు.

భర్త ఫోన్ అందుకున్నాడు. మెడ మీద నరాలు ఉబ్బి ఉన్నాయి. ఆవిడ కళ్ళు మూసుకుంది.

"నమస్తే సార్, బాబు నాన్నని," అన్నాడు మెల్లగా. "మాకేం వద్దు సార్. ఆ వ్యాన్లేవో ఈరోజే పంపండి. ప్లీజ్."

మేనేజరు సరే, మధ్యాహ్నం నుంచే పంపిస్తానన్నాడు. అతను థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాడు. రెండో చెయ్యి టేబుల్ అంచుని పట్టుకునే ఉంది, వదలడం లేదు. ఆవిడే ఒక్కో వేలూ విడదీసింది.