అరవైమూడో చెట్టు

దిగువ ఊళ్ళో ఎవరో అన్నారట. అది విన్న ఉప్పు బండివాడు పక్కింటి ఖూపోకి చెప్పాడట. ఖూపో వక్క నమలడం ఆపకుండానే వచ్చి దేదా గుమ్మంలో కూలబడి చెప్పింది: ఎల్లుండి ఆనకట్ట సభకి ఆఫీసరు ఆసుపత్రి పుస్తకాలు వెంట తెస్తున్నాడట. ఏ పిల్ల ఎక్కడ పుట్టిందో అన్నీ వాటిలో ఉన్నాయట. మనం ఇచ్చిన జాబితా పక్కన పెట్టుకుని పేరు పేరునా సరిచూస్తాడట.

"చూసుకోనీ. మనకేం భయం?" అంది ఖూపో. "ఆసుపత్రిలో కన్నవాళ్ళంతా మాకు చెట్టు లేదని ముందే చెప్పేశారు. ఇక నీ పిల్లదంటావా, మీ ఆయన అక్కడినుంచి కూడా తెచ్చుకున్న మొనగాడాయె."

"ఆయె" అంది దేదా. నడుముకి బిగించుకున్న మగ్గం మీద అప్పటికే మూడు పోగులు తప్పాయి. ఖూపో చూస్తుండగా విప్పడం ఇష్టంలేక అలాగే నేసుకుపోయింది.

ఆ కొండల్లో బిడ్డ పుడితే బొడ్డుతాడు వెదురు గొట్టంలో పెట్టి, మూత బిగించి, తండ్రి తీసుకెళ్ళి మంచి చెట్టు చూసి కడతాడు. ఆ రోజు ఊళ్ళో ఎవరూ పొలానికి పోరు, కత్తి పట్టరు. ఆ చెట్టు మీద గొడ్డలి పడితే బిడ్డ ప్రాణం అల్లాడుతుంది. తాతల నాటినుంచి కట్టుకుంటూ రావడంతో మేతూకి అనే వాగు పైనున్న వాలంతా ఎవరో ఒకరి చెట్టే అయిపోయింది. నరికేవాడు లేడు కాబట్టి అడవి నిలిచింది, అడవి నిలిచింది కాబట్టి ఊటలు నిలిచాయి. కింద ఏడు ఊళ్ళు ఆ నీళ్ళే తాగుతున్నాయి, ఆ నీళ్ళతోనే వరి పండిస్తున్నాయి.

ఇప్పుడు ఆ వాగు లోయకి అడ్డంగా కట్ట వేస్తామని కాగితం వచ్చింది. అందులో ఆ వాలుని "జనం వాడకంలో లేని అడవి" అని రాశారు. అది ఊరి పెద్ద ప్లేతూ తాత చదివించుకుని విన్నాడు. మర్నాడు ఒక దారపు ఉండా, రేకు ముక్కలూ పట్టుకుని అడవిలోకి నడిచాడు. ఊరంతా వెనకాలే వెళ్ళింది. రెండు నెలలు తిరిగి రెండువందల పద్నాలుగు చెట్లకి నంబర్లు కట్టారు. ఏ చెట్టు ఎవరిదో, తల్లెవరో, తండ్రెవరో రాసి ఆఫీసులో ఇచ్చి వచ్చారు. ఆ పని నేర్పిన పట్నం వకీలమ్మ వెళ్ళేటప్పుడు ఒకటే మాట చెప్పింది. ఒక్క పేరు అబద్ధమని తేలినా కాగితం మొత్తం చెత్తబుట్టలోకే పోతుందని.

అందులో అరవైమూడోది అత్తిచెట్టు. పోథూ, తల్లి దేదా, తండ్రి తూలే.

ఆ గొట్టంలో బొడ్డుతాడు లేదు.

పదకొండేళ్ళ కిందట దేదా రెండు రోజులు నొప్పులు పడింది. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేస్తే క్యాబేజీ బండిలో వేసుకుని కిందికి పరిగెత్తారు. ఆసుపత్రిలో ఇద్దరూ బతికారు. తూలే బొడ్డుతాడు అడుగుదామని నర్సు వెంట పడ్డాడు. అతనికి మైదానం భాషలో వచ్చినవి నాలుగు మాటలు, నాలుగూ క్యాబేజీ బేరానివే. ఏం చెయ్యాలో తెలీక తన బొడ్డు మీద వేలు పెట్టి చూపించాడు. నర్సు పాపం మంచిదే. కడుపునొప్పి అనుకుని రెండు మాత్రలు చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చేసరికి ఊరంతా పొలాలు మానుకుని ఎదురుచూస్తోంది. ప్లేతూ తాత గొట్టం కూడా కోసి సిద్ధంగా పెట్టాడు. తూలే అంతమంది మొహాలూ చూశాడు. ఆ రెండు మాత్రలే గొట్టంలో వేసి మూత బిగించి అత్తిచెట్టుకి కట్టొచ్చాడు. ఆసుపత్రి నుంచైనా తెచ్చాడని పేరొచ్చింది. తర్వాత ఆసుపత్రిలో కన్నవాళ్ళందరికీ "తూలేని చూసి నేర్చుకోండిరా" అని దెప్పిపొడుపు మిగిలింది. పోథూకి జ్వరం వచ్చినప్పుడల్లా ఆడవాళ్ళు ఆ అత్తిచెట్టుకి దారం చుట్టి అన్నం ముద్ద పెట్టి వచ్చేవాళ్ళు. వాళ్ళతో వెళ్ళి మొక్కేటప్పుడు దేదా చెట్టు వైపు చూసేది కాదు.

ఆ సాయంత్రం మిరపకాయలు దంచుతూ మొగుడికి చెప్పింది.

"రెండువందల పద్నాలుగులో ఒక్కటి. ఎవడు చూస్తాడే" అన్నాడు తూలే.

"ఆ ఒక్కటే వాళ్ళ పుస్తకంలో ఉంది."

"తెచ్చానంటాను."

"పోథూ మీద ఒట్టేసి చెప్పమంటే?"

తూలే చుట్ట వెలిగించుకోబోయి ఆగిపోయాడు. ఆమె దంచినంతసేపూ అగ్గిపుల్ల అలా వేళ్ళ మధ్యే ఉంది.

తెల్లారి దేదా ప్లేతూ తాత దగ్గరికి వెళ్ళింది. తాత పందికి తవుడు పోస్తున్నాడు. మొత్తం విని బకెట్టు కింద పెట్టాడు.

"మాత్రలా?"

"రెండు."

"ఆ గొట్టం నా చేత్తో కోసి ఇచ్చానే అమ్మాయ్. మంచి ముదురు వెదురు." తాత చేతికంటిన తవుడు దులుపుకున్నాడు. "జాబితా రాసేటప్పుడు నీ నోటికేమైంది?"

"అందరూ ఉన్నారు తాతా."

"రేపూ అందరూ ఉంటారు. కాగితం వాళ్ళ దగ్గరుంది, కొట్టెయ్యడానికి కూడా లేదు. అరవైరెండు తర్వాత అరవైనాలుగు ఏంటని అడుగుతారు. సభలో నేను మాట్లాడతాను. నువ్వు వెనక కూర్చుని నోరు కుట్టేసుకో."

సభ బడి హాల్లో. ఏడు ఊళ్ళ జనం కిటికీల దాకా నిండిపోయారు. పోథూ పెళ్ళికాని పిల్లలు వేసుకునే తెల్ల అంగీలో తల్లి పక్కనే కూర్చుని తీపి బన్ను తింటోంది. ఉప్పు బండివాడి మాట నిజమే. బల్ల మీద రెండు లావు పుస్తకాలున్నాయి. ఆఫీసరు కళ్ళద్దాల కుర్రాడు, మర్యాదస్తుడు. అతని మాటని బడి పంతులు కొండవాళ్ళ భాషలోకి మార్చి చెబుతున్నాడు. యాభై దాటింది. దేదా పక్కన ఖూపో వక్క నముల్తూనే ఉంది. అరవై. అరవై ఒకటి.

"అరవైమూడు. పోథూ. మా ఆసుపత్రిలో పుట్టిన పాప."

"తండ్రి అడిగి తెచ్చుకున్నాడు" అన్నాడు తాత లేచి.

"ఆసుపత్రి అలాంటివి ఎవరికీ ఇవ్వదు పెద్దాయనా. కనుక్కున్నాను. మరి ఆ గొట్టంలో ఏముంది?"

తాత తూలే వైపు చూశాడు. తూలే తన కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. ఏడు ఊళ్ళ జనం తల తిప్పి తూలేనే చూస్తున్నారు. దేదా పిల్ల వైపు చూసింది. అబద్ధపు ఒట్టేస్తే దెబ్బ పిల్ల మీద. ఒట్టెయ్యకపోతే అందరి పిల్లల మీద. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలీదు, కాళ్ళ వెనక బెంచీ కిర్రుమన్నాక తెలిసింది.

"రెండు మాత్రలున్నాయి" అంది. "కడుపునొప్పివి. మీ ఆసుపత్రివే."

పంతులు మార్చి చెప్పడానికి కాస్త తటపటాయించాడు. కిటికీ దగ్గర దిగువ ఊరివాళ్ళు పకపకా నవ్వారు. ఖూపో నవ్వలేదు, నమలడం ఆపేసింది. పోథూ బన్ను ఒళ్ళో పెట్టుకుని తల్లి మొహంలోకి చూసింది.

"తప్పు మా ఇద్దరిదే. ఈ ముసలాయన నిన్నటిదాకా ఎరగడు. మిగతా గొట్టాలు కావాలంటే విప్పి చూసుకోండి."

ఆఫీసరు నవ్వలేదు. పుస్తకం మెల్లగా మూసి, చిన్నపిల్లని సముదాయించినట్టు అన్నాడు: "నిజం చెప్పారు, సంతోషం. మీరే ఆలోచించండమ్మా. పాపకి ఆ అడవిలో ఏమీ లేదు. అయినా పదకొండేళ్ళు చక్కగా పెరిగింది, బన్ను తింటోంది. చెట్లు మునిగితే మిగతా పిల్లలకి మాత్రం ఏమవుతుంది?"

పంతులు ఆ మాట మార్చి చెప్పాడు. తాత చేతికర్ర కోసం తడుముకున్నాడు. తూలే మొదటిసారి తల ఎత్తాడు. దేదా కూతురి నుదుటి మీద చెయ్యి వేసింది. జ్వరం చూసేటప్పుడు వేసినట్టు, వేళ్ళ వెనకవైపుతో.

"చక్కగా పెరిగిందో లేదో నేను చెబుతాను, మీరు కాదు. దీనికి ఒళ్ళు కాలిన ప్రతిసారీ ఎక్కడికెళ్ళి మొక్కాలో నాకు తెలీదు" అంది. "మా పిల్ల బొడ్డుతాడు మీరు ఎక్కడ పారేశారో ముందు అది చెప్పండి. మిగిలిన రెండువందల పదమూడూ ఎక్కడ పారేస్తారో తర్వాత అడుగుతాను."